బండి ఎంత మోస్తుంది, ఎంత లాగుతుంది? అడ్వాన్సు కట్టే ముందు తేల్చుకోవాల్సిన లెక్క

ఈసారి పురుగు గురించి కాదు, బండి గురించి రాస్తున్నాం. మా గుడియాత్తం పక్క ఇప్పుడు చాలామంది రైతులు సొంతంగా చిన్న లోడు బండి కొనాలని చూస్తున్నారు. బాడుగ బండి పెట్టుకుంటే గూళ్లు తీసిన రోజే అది దొరకదు. దొరికినా రేటు వాళ్లు చెప్పిందే. అందుకని మా మూడు కుటుంబాలు కలిసి ఒక బండి కొందామని, దానితోపాటు ట్రాక్టరుకు ఒక ట్రైలరు కూడా చూద్దామని వేలూరులో షోరూములు తిరిగినాం. రంగు, మైలేజీ, నెల కంతు, ఫ్రీ సర్వీసు, అన్నీ చెప్పినారు. బండి న్యాయంగా ఎంత బరువు మోస్తుంది, వెనక కట్టి ఎంత లాగుతుంది అనే రెండు ప్రశ్నలకు మాత్రం కాగితం మీద జవాబు రాబట్టడానికి చెప్పులు అరిగినాయి. ఆ తిరుగుడులో తెలిసిన సంగతులు మీకు కూడా పనికొస్తాయని ఇక్కడ పెడుతున్నాం.

*మన పనికి బరువు లెక్క ఎందుకు?*

కిరాణా సరుకు మోసేవాళ్లకు రోజూ ఒకే రకం లోడు. మనకు అట్లా కాదు, నాలుగు రకాల లోడు ఉంటుంది.

మొదటిది ఆకు. వంద గుడ్లకు మొత్తం మీద సుమారు ఒక టన్ను ఆకు పడుతుంది. అందులో నూటికి 80 వంతులకు పైగా నాలుగో జ్వరం లేచిన తర్వాత, ఆఖరి దశలోనే పురుగు తింటుంది. అంటే 250 గుడ్లు మేపేవాళ్లకు ఆఖరి వారం పది దినాల్లోనే రెండు టన్నుల ఆకు తేవాలి. కొమ్మ మేత అయితే కొమ్మల బరువు దీనికి అదనం. తోట షెడ్డు పక్కనే ఉంటే సరే, ఊరికి అవతల ఉంటే రోజూ బండి కావాలి.

రెండోది దిబ్బ ఎరువు. నీటి వసతి ఉన్న మల్బరీ తోటకు ఎకరాకు ఏడాదికి 8 టన్నులు వేయమని పట్టు శాఖవాళ్లు చెప్తారు. రెండెకరాలకు 16 టన్నులు. అసలు బరువు ఇదే.

మూడోది ఎండాకాలంలో నీళ్లు. వెయ్యి లీటర్లు అంటే ఒక టన్ను. ఐదు వేల లీటర్ల ట్యాంకరు అంటే నీళ్లే ఐదు టన్నులు, ట్యాంకరు బరువు వేరే.

నాలుగోది గూళ్లు. ఇది బరువు తక్కువ, జాగా ఎక్కువ. గూడు లోపల పురుగు బతికే ఉంటుంది, గాలి పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది. మూట మీద మూట వేసి తొక్కితే కింది గూళ్లు నలుగుతాయి, చెమ్మ పట్టి మరకలు పడతాయి. సంతలో రీలరు చేతిలోకి తీసుకుని చూడగానే రేటు కిందికి దిగుతుంది. కాబట్టి గూళ్లకు టన్నులు కాదు, డెక్కు లోపలి పొడవు, వెడల్పు, గాలి తగిలే అడ్డకమ్మీలు ముఖ్యం.

ఒకే బండి ఈ నాలుగు పనులూ చేయాలంటే దాని హద్దు ఎక్కడో ముందే తెలియాలి.

*షోరూములో ఏం చెప్పినారు?*

ఒక చోట పోస్టరు మీద పెద్ద అక్షరాలతో "1.5 టన్ను" అని ఉంది. లోపల సేల్సు అబ్బాయిని అడిగితే "ఎవ్వళవు వేణుమ్నాలుం ఏత్తలాం సార్" అన్నాడు. ఎంత కావాలంటే అంత ఎక్కించుకోవచ్చు అని. అది కాదు తమ్ముడూ, కాగితంలో ఎంత అని అడిగితే మేనేజరు దగ్గరికి పంపినాడు. ఆయన "టన్నుంబావు సేఫ్, అందరూ రెండు టన్నులు వేస్తున్నారు" అన్నాడు. సర్వీసు పక్క మెకానిక్ అన్న ఇంకో మాట చెప్పినాడు: "కట్టలు ఇంకో ఆకు వేయించుకోండి, ఏమీ కాదు." ఒకే బండికి ఒకే కప్పు కింద మూడు మాటలు.

వెనక చిన్న నీళ్ల ట్రైలరు కట్టి లాగొచ్చా, టోయింగ్ కెపాసిటీ ఎంత అని అడిగినాం. ఆ అబ్బాయి బ్రేక్‌డౌన్ సర్వీసు నంబరు తీసి ఇచ్చినాడు. బండి చెడిపోతే లాక్కుపోవడానికి క్రేను ఎప్పుడైనా వస్తుంది సార్ అని. తప్పు ఆ పిల్లవాడిది కూడా కాదు. మన దేశంలో చిన్న లోడు బండి వెనక ట్రైలరు కట్టేది తక్కువ, అందుకని అమ్మేవాళ్లకు ఆ లెక్క నేర్పించినవాళ్లే లేరు. బ్రోచరులో ఆ గడే ఉండదు.

అమెరికాలో ఇట్లాంటి బండికి డ్రైవరు డోరు అంచున ఒక స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సరుకు కలిసి ఇంత బరువుకు మించకూడదు అని అందులో అంకె వేసి ఉంటుంది. వెనక లాగే బరువు కొలవడానికి అక్కడి ఇంజనీర్ల సంఘం ఎస్.ఏ.ఇ. వాళ్లు జె2807 అని ఒక పరీక్ష పద్ధతి పెట్టినారు. అక్కడ కూడా ఇంజను మారితే, గేరు మారితే అంకె మారుతుందని కొనేవాళ్లు తల పట్టుకుంటారంట. కానీ అడగడానికి ఒక అంకె అయినా ఉంది.

*అసలు లెక్క: ఒక తీసివేత*

మన దగ్గర కూడా అంకె లేకపోలేదు. అది పోస్టరు మీద కాదు, ఆర్.సి.లో ఉంటుంది. రెండు అంకెలు చూడాలి.

ఒకటి జి.వి.డబ్ల్యు. అంటే బండి, సరుకు, డ్రైవరు, డీజిలు, అన్నీ కలిపి మొత్తం ఎంత బరువు ఉండొచ్చు అనే హద్దు. రెండోది అన్‌లేడెన్ వెయిట్. అంటే ఖాళీ బండి బరువు. మొదటి దాంట్లో రెండోది తీసేస్తే మిగిలేదే మీరు వేయగలిగిన లోడు. పాత లారీల పక్కన తెల్ల పెయింటుతో రాసి ఉండే బరువుల అంకెలు కూడా ఇవే.

ఇక్కడే మోసం లాంటిది ఒకటి ఉంది. అబద్ధం కాదు గానీ నిజం కూడా పూర్తిగా కాదు. లెక్క అర్థం కావడానికి ఒక ఉదాహరణ చూడండి. ఇది ఏ కంపెనీ బండిదీ కాదు.

జి.వి.డబ్ల్యు. 2,990 కిలోలు. బాడీ లేకుండా ఒట్టి క్యాబిన్, ఛాసిస్ బరువు 1,490 కిలోలు. తీసివేస్తే 1,500. పోస్టరు మీది "1.5 టన్ను" ఇదే. కానీ ఛాసిస్ మీద మనం ఎరువు పోయలేం కదా. కంపెనీ డెక్కు బాడీ ఒక 150 కిలోలు వేసుకుంటే 1,350 మిగులుతుంది. గూళ్ల కోసం మనం పక్కల ఎత్తు పెంచి, పైన కమ్మీలు, టార్పాలిన్ పెట్టిస్తే ఇంకో 120 పోతుంది, 1,230. డ్రైవరు, తోడు ఒక మనిషి, ఇద్దరికీ 140 అనుకుంటే 1,090. పోస్టరులో ఒకటిన్నర టన్ను, మన చేతికి వచ్చేది టన్ను పైన చిల్లర.

ఈ తేడా ట్రిప్పుల్లో తెలుస్తుంది. 16 టన్నుల ఎరువు 1,500 చొప్పున అయితే 11 ట్రిప్పులు. 1,090 చొప్పున అయితే 15 ట్రిప్పులు. నాలుగు ట్రిప్పుల డీజిలు, కూలి, పొద్దు ఏడాదికొకసారి ఎరువుకే పోతాయి. బ్యాంకు కంతు లెక్క వేసుకునేటప్పుడు 11 ట్రిప్పుల బండి అనుకుని వేసుకుంటే ఇంటి లెక్క తప్పుతుంది.

బాడీ విషయంలో ఇంకో మాట. ఆర్.సి. అయిన తర్వాత బాడీ మార్చితే ఆర్.టి.ఓ. ఆఫీసులో అనుమతి తీసుకుని ఆర్.సి.లో ఎక్కించాలి. కట్టలకు ఆకులు పెంచినంత మాత్రాన జి.వి.డబ్ల్యు. పెరగదు. కట్ట వంగకుండా ఉంటుంది, అంతే. బ్రేకు, టైరు, యాక్సిలు అన్నీ పాతవే.

*3,000, 7,500: ఈ రెండు గీతలు*

జి.వి.డబ్ల్యు. 3,000 కిలోలు దాటని సరుకు బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కరలేదు. దాటితే కావాలి. మనం రాష్ట్రం అంచున ఉన్నవాళ్లం, మనకు ఇది పెద్ద సంగతి. వాణియంబాడి గూళ్ల సంతకు పోతే మన తమిళనాడులోనే ఉంటాం. రేటు బాగుందని పలమనేరుకు ఎక్కినా, రెండు వందల కిలోమీటర్లు దాటి రామనగరకు పోయినా రాష్ట్రం దాటుతాం. తమిళనాడు పర్మిట్ ఒక్కటే ఉన్న పెద్ద బండి అక్కడ చెల్లదు, నేషనల్ పర్మిట్ లాంటిది ఉండాలి. రెండు వందల కిలోలు ఎక్కువ మోస్తుందని పై మోడలుకు పోతే ఈ ఖర్చు, తిరుగుడు కూడా వెంట వస్తాయి. చిన్న బండి అయినా టాక్సు, ఎఫ్.సి., ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ఉండాల్సిందే.

లైసెన్సు గీత 7,500. సాదా ఎల్.ఎం.వి. లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల జి.వి.డబ్ల్యు. లోపు సరుకు బండి నడపొచ్చని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి తేల్చింది. అంతకు ముందు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీలు లైసెన్సు మీద పేచీ పెట్టేవి. ఇంట్లో పిల్లవాడికి కారు లైసెన్సు ఉంది, బండి ఇవ్వొచ్చా అని అడిగేవాళ్లకు ఇదే జవాబు.

*మోసేది వేరు, లాగేది వేరు*

ఇక ట్రాక్టరు. ఎంత లాగుతుంది అని అడిగితే ప్రతి చోటా హెచ్.పి. చెప్తారు. ఇంకా గట్టిగా అడిగితే "1,500 కిలోల లిఫ్టు" అంటారు. అది వెనక హైడ్రాలిక్ చేతులు పైకి ఎత్తే బరువు. కల్టివేటరు, రోటావేటరు ఎత్తడానికి పనికొచ్చే అంకె. ట్రైలరు లాగడానికీ దానికీ సంబంధం లేదు.

లాగే లెక్కను ఇట్లా చూడండి. మంచి తారు రోడ్డు మీద ఒక టన్ను బరువు కదలడానికి సుమారు 20, 30 కిలోల లాగుడు చాలు. అదే బండి దున్నిన చేలో, బురదలో దిగితే టన్నుకు వంద కిలోలు, ఇంకా పైన కూడా కావాలి. ఎత్తు రోడ్డు అయితే? పది అడుగులకు ఒక అడుగు లేచే రోడ్డు మీద మొత్తం బరువులో పదో వంతు వెనక్కి లాగుతుంది.

ట్రాక్టరు రెండు టన్నులు, ఖాళీ ట్యాంకరు ఒకటిన్నర, నీళ్లు ఐదు, మొత్తం ఎనిమిదిన్నర టన్నులు అనుకోండి. ఆ ఎత్తు మీద 850 కిలోలు ఒట్టి ఎత్తుకే పోతుంది. రోడ్డు రాపిడి ఇంకో 200. అంటే వెయ్యి కిలోలకు పైన లాగాలి. ఎక్కేటప్పుడు లాగలేకపోతే ఆగిపోతుంది, ముందు చక్రాలు లేస్తాయి. దిగేటప్పుడు ఇంకా ప్రమాదం. అదే 850 కిలోలు వెనక నుంచి తోస్తుంది. మన ఊళ్లలో చాలా ట్రైలర్లకు బ్రేకులు ఉండవు. మొత్తం బరువును ట్రాక్టరు వెనక రెండు చక్రాలే పట్టుకోవాలి. పేర్ణంబట్ నుంచి వి.కోట పోయే ఘాటు మీద తిరిగేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. మలుపులో బ్రేకు నొక్కితే ట్రైలరు పక్కకు తిరిగి ట్రాక్టరునే మడిచేస్తుంది. ఇది ఇంజను బలంతో తేలే సంగతి కాదు. ఎంత లాగుతుంది అని అడిగేటప్పుడే ఎంత ఆపుతుంది అని కూడా అడగాలి.

దీనికి నమ్మదగిన అంకె ఎక్కడ దొరుకుతుంది? మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ ఉంది. ట్రాక్టరు మోడళ్లను అక్కడ పరీక్షించి రిపోర్టు ఇస్తారు. అందులో డ్రాబార్ పుల్ అని ఒక అంకె ఉంటుంది. వెనక కొక్కీ దగ్గర ట్రాక్టరు ఎన్ని కిలోల బలంతో లాగిందో అది చెప్తుంది. బ్రేకు పరీక్ష, లిఫ్టు పరీక్ష కూడా అందులోనే ఉంటాయి. షోరూములో హెచ్.పి. అడక్కుండా "ఈ మోడలు టెస్టు రిపోర్టు చూపించండి" అని అడగండి. మన పక్కనే అనంతపురం జిల్లా గార్లదిన్నెలో దక్షిణ ప్రాంత సంస్థ ఉంది. అక్కడ పవర్ టిల్లర్లు, ఇతర యంత్రాలు పరీక్షిస్తారు, రైతులకు శిక్షణ కూడా ఇస్తారు. సందు చిన్నదిగా ఉన్న మల్బరీ తోటకు టిల్లరు తీసుకునేవాళ్లు ఆ పేరు గుర్తు పెట్టుకోండి.

ట్రైలరుకు కూడా సొంత రిజిస్ట్రేషన్, సొంత బరువు హద్దు, ఇన్సూరెన్సు ఉండాలి. పట్టడిలో చేయించుకున్న ట్రైలరు చవగ్గా వస్తుంది గానీ కాగితం లేకపోతే ప్రమాదం జరిగిన రోజు ట్రాక్టరు ఇన్సూరెన్సు కూడా చిక్కులో పడుతుంది.

*ఎక్కువ వేస్తే ఏమవుతుంది?*

"అందరూ వేస్తున్నారు" అనే మాట షోరూములో విన్నాం, సంతలో కూడా వింటాం. చట్టంలో ఉన్నది ఇది. 2019 సెప్టెంబరు 1 నుంచి ఓవర్‌లోడుకు 20,000 రూపాయలు, దాని మీద ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. ఎక్కువ సరుకు దింపే ఖర్చు కూడా మనదే, దింపే దాకా బండి కదలదు. తూకం వేయడానికి ఆపమంటే ఆపకపోతే 40,000. అంతకు ముందు మొదటి జరిమానా 2,000 మాత్రమే ఉండేది.

మనకు జరిమానా కంటే ఆగిపోవడం పెద్ద దెబ్బ. గూళ్ల బండి మధ్యాన్నం ఎండలో నాలుగు గంటలు రోడ్డు పక్కన నిలబడితే లోపల వేడికి ఏమవుతుందో మీకు తెలుసు. ఆ రోజు వేలం తప్పుతుంది. మరుసటి రోజుకు గూళ్లు బరువు కూడా తగ్గుతాయి. ఒక పంట కష్టం, ఇరవై ఐదు దినాల నిద్ర లేని రాత్రులు, ఒక కాటా దగ్గర పోతాయి. ప్రమాదం జరిగితే ఓవర్‌లోడు మాట పట్టుకుని క్లెయిము దగ్గర పేచీ పెట్టడానికి ఇన్సూరెన్సు కంపెనీకి దారి దొరుకుతుంది.

*అడ్వాన్సు ముందు ఇవి తీసుకోండి*

1. మోడలు పూర్తి పేరు. ఒకే పేరు బండిలో నాలుగైదు రకాలు ఉంటాయి. కొన్ని మోడళ్లకు పేరు వెనకే 1.3, 1.7 అని టన్నుల అంకె కూడా ఉంటుంది. పేరు చూసి ఆగకుండా ఏ రకమో కొటేషనులో రాయించుకోండి.

2. జి.వి.డబ్ల్యు., బాడీతో సహా ఖాళీ బరువు, ముందు వెనక యాక్సిలు బరువుల హద్దు, ఈ నాలుగు అంకెలు సంతకం, ముద్రతో. బండి అమ్మేటప్పుడు ఇచ్చే ఫారం 21లో ఇవి ఎట్లాగూ రాయాలి. అప్పుడు రాసేవి ఇప్పుడు రాయడానికి అడ్డం ఏముంది?

3. డెక్కు లోపలి పొడవు, వెడల్పు, పక్కల ఎత్తు. మీ గూళ్ల సంచులు, చంద్రికలు ఎన్ని పడతాయో టేపు పెట్టి మీరే కొలవండి.

4. అదే మోడలు ఉన్న రైతు ఆర్.సి. జిరాక్సు. ఊర్లో ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది. 2005లో టాటా ఏస్ వచ్చినప్పటి నుంచి మన పక్క కుట్టి యానై లేని వీధి లేదు.

5. వీలైతే వాళ్ల ఖాళీ బండిని కాటా మీదికి ఎక్కించి చీటీ తీసుకోండి. మేము అట్లా ఒక బండిని తూకం వేయించినాం. బ్రోచరు అంకెకూ కాటా అంకెకూ తేడా ఒక మూట ఎరువు కాదు, నాలుగు మూటలు వచ్చింది. వంద రూపాయల పనికి లక్షల లెక్క తేలింది.

6. వెనక ఏమైనా కట్టి లాగొచ్చా అనేది ఓనర్ మాన్యువల్లో చూపించమనండి. అందులో లేకపోతే లాగకూడదు అనే అనుకోండి. నోటి మాట మీద కొక్కీ వెల్డింగ్ చేయించకండి.

రాసి ఇవ్వమంటే మొహం మాడ్చుకునే చోట్లు ఉన్నాయి. ఒక షోరూములో "ఇన్ని ప్రశ్నలు అడిగేవాళ్లు బండి కొనరు" అని మా ముందే అన్నారు. ఇంకో చోట ఒక అమ్మాయి కంప్యూటరులో వెతికి, కంపెనీకి ఫోను చేసి, అన్ని అంకెలూ ప్రింటు తీసి ఇచ్చింది. అర గంట కూడా పట్టలేదు. కాబట్టి ఇవ్వలేని సమాచారం కాదు ఇది. అడిగేవాళ్లు లేక మూలన పడి ఉంది.

సరుకు గురించి సమాచారం తెలుసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం మన హక్కు. బండి వ్యాపారానికి కదా, మనం వినియోగదారులం కాదు అని ఎవరైనా అంటే నమ్మకండి. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొన్నవాళ్లు కూడా ఆ చట్టంలో వినియోగదారులే. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే 1915 నంబరుకు ఫోను చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషనులో కేసు వేయొచ్చు. కానీ అప్పుడు అడిగేది కాగితమే. నోటి మాటకు సాక్ష్యం ఉండదు.

ఈ గుంపులో లోడు బండి, ట్రాక్టరు ట్రైలరు ఉన్నవాళ్లు దయచేసి మూడు అంకెలు పంపండి: మోడలు పూర్తి పేరు, ఆర్.సి.లోని జి.వి.డబ్ల్యు., బాడీతో ఖాళీ తూకం. పేరు, బండి నంబరు అక్కర్లేదు. కాటా చీటీ ఫోటో ఉంటే నంబరు మూసి పెట్టండి. అందరివీ చేర్చి ఒక పట్టిక చేసి వచ్చే నెల పత్రికలో పెడతాం. షోరూము చెప్పని లెక్కను మనమే ఒకరికొకరం చెప్పుకుందాం.